ఊపిరి వినిపించిన వేణువు

ముందే చెబుతున్నాను, ఎలుకను చూసి ఏనుగని రాసే జబ్బు నాకుంది. మీరే కాస్త తగ్గించుకుని చదువుకోండి. తొంభైల మొదట్లో, ఆ రోజుల్లో, మద్రాసులో వాద్యాల మీద బతికేవాళ్లకు ఆకలి, కోపం కలిసే వచ్చేవి. ఆకలి సంగతి ఎలా ఉన్నా, ఆ కోపం నాకింకా దిగలేదు.

ఆ ఊళ్లోని చూలై పేటలో మా తెలుగు సంఘం ఏటా ఉత్తమ వాద్య పురస్కారం ఇచ్చేది. షీల్డు రథచక్రమంత ఉండేది (మోయడానికి కూలీలను పెట్టాలి). దాని చరిత్ర కూడా అంతటిదే. పెట్టినవాడు చింతపండు టోకు వ్యాపారి, సంఘానికి చచ్చేదాకా అధ్యక్షుడు. మొదటి ఏడు అది ఆయన పెద్దల్లుడి హార్మోనియానికి వెళ్లింది, మరుసటేడు చిన్నల్లుడి తబలాకు. అల్లుళ్లు అయిపోగానే ఆయన తోడల్లుడు హడావిడిగా వీణ కొన్నాడు. చివరికి మా అమ్మ తమ్ముడు, సినిమా పాటలకు వేణువు వాయించే ఫ్లూటు మామ, సంఘం మీటింగులో బల్ల గుద్ది (బల్ల రెండు ముక్కలైంది) కొత్త రూలు పెట్టించాడు. ఇకమీదట అందరూ పేరు రాయని క్యాసెట్లు పంపాలి, మనిషెవరో తెలియకుండా విని తేల్చాలి.

మామకు ఆ షీల్డు కావాలి. ఒక మీట నొక్కితే వేణువు, ఇంకోటి నొక్కితే సన్నాయి పలికే కీబోర్డులు కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో దిగాక రికార్డింగులకు ఆయన్ని పిలవడం మానేశారు. "పేపర్లో ఫోటో పడితే మళ్లా పిలస్తార్రా" అనేవాడు.

ఆ ఏడు ఉత్తమ వాద్యం వేణువు అని ప్రకటించగానే వేదిక ఎక్కిన కుర్రాడి చేతిలో వేణువు లేదు. చంకలో కీబోర్డుంది! మామ లేచి నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇది? ఆ పిల్లోడు జన్మలో ఫ్లూటు పట్టినాడా?"

"మనిషిని చూడొద్దని రూలు పెట్టించింది నువ్వే గదప్పా!" అన్నాడు అధ్యక్షుడు.

"నా క్యాసెట్టుకేం రోగం?"

"శుతి బాగానే ఉండాది. ఆడాడ ఊపిరి ఇనపడతా ఉంది. ఈ పిల్లోడిది చూడు, రొంబ నీటు!"

"ఊపిరి ఇనపడకుండా వాయించాలంటే పాడె మీద పండబెట్టి వాయించమనండయ్యా! సచ్చినోడే అట్ట వాయిస్తాడు!"

ఆ కేకకు హాలు రేకులు లేచిపోయి ఎక్కడో మాధవరం పాల డెయిరీలో పడ్డాయి. అక్కడి పాలన్నీ విరిగిపోయాయి.

రేకులూ బల్లా నా జబ్బు వల్ల పెరిగినవని మీకెలాగూ తెలుసు. అధ్యక్షుడి మాటల్లో మాత్రం నేను ఒక్క అక్షరం కలపలేదు. అచ్చంగా కల్పించింది మామ ఇచ్చిన ఆ చివరి జవాబు. నిజానికి ఊపిరి మాట వినగానే మామ నోరు మూతబడింది. వేణువును గుడ్డసంచిలో పెట్టుకుని, పక్కన పళ్లు నూరుతున్న నాతో "దా అబ్బయా, బస్సు పోతాది" అన్నాడు. దారంతా నేను ఉడికిపోయాను గాని, నాకూ ఒక్క మాట తట్టలేదు. తట్టేసరికి నా నెత్తిన జుట్టు లేదు, మామ అసలే లేడు. అందుకే ఎవరు వింటానన్నా ఆ జవాబు మామ నోట పెట్టి అరిపిస్తుంటాను. ఏటేటా గొంతు కూడా పెంచుతున్నాను. మొన్న మా ఆవిడ వచ్చి కిటికీ మూసింది.