నీటిగీత కార్ఖానా

మా అమ్మాయి మరీ గట్టిగా మాట్లాడుతుందని బడి నుంచి మూడుసార్లు పిలుపు వచ్చింది. మూడోసారి టీచరమ్మ, "ఇంట్లో ఎవరికైనా చెవుడా?" అని అడిగారు. చెవుడు లేదు. ఈ మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్ల పేట పద్మనగర్. అక్కడ మా ఇంటి గోడకు అవతలే బట్టల కార్ఖానా. పొద్దస్తమానం సాంచలు, అంటే మరమగ్గాలు, ఆడుతూనే ఉంటాయి. ఆ చప్పుడు మీదుగా వినపడితేనే మాకు మాట. మాతో ఉండే మా అమ్మ వంటింట్లో ఉప్పు అడిగితే వీధి చివరి దుకాణదారు తలెత్తి చూస్తాడు.

కాలేజీలో నా గొంతు విని నవ్వినవాళ్లు ఇంకా గుర్తున్నారు. నా బిడ్డకు ఆ అవమానం వద్దనుకున్నాను. ఆరు నెలల పాటు అది నోరు తెరిచినప్పుడల్లా నా పెదవుల మీద వేలు పెట్టాను. నాలుగో పిలుపు వచ్చింది. పాఠం చదవమంటే మొదటి బెంచీకి కూడా వినపడటం లేదట. ఎనిమిదేళ్ల పిల్ల గొంతును నేనే నొక్కేశానా అని భయం పట్టుకుంది.

"సాంచల పక్కన పెరిగే పిల్లకు గుసగుసలు నేర్పుతున్నవ్. కోడిపుంజుకు గూడ నేర్పరాదు?" అంది అమ్మ.

ఈ చలికాలం బడివాళ్లు పిల్లలకు ఊళ్లోని పాత కట్టడాలు చూపించాలనుకున్నారు. ఒక్కో చోట ఒక్కో పిల్ల దాని కథ మరాఠీలో చెప్పాలి. నది మీది పాత వంతెన, వాడా అనే చెక్క స్తంభాల పాత లోగిలి, రాతి మెట్ల బావి. మా అమ్మాయి ఆ జాబితాలో మా గోడ అవతలి కార్ఖానాను చేర్చమంది. టీచరమ్మ సరేనన్నారు. ఈసారి కూడా వినపడకపోతే మాత్రం వార్షికోత్సవంలో మాట్లాడే పిల్లల్లోంచి పేరు తీసేస్తానన్నారు.

పది నిమిషాలు సాంచలు ఆపమని కార్ఖానా యజమాని సేటును ముందే బతిమాలాను. ఒప్పుకున్నాడు. తీరా నలభై మంది పిల్లలతో చేరేసరికి లోపలంతా దడదడ.

సేటు నా చెవి దగ్గరకు వచ్చి అరిచాడు. "కరెంటు ఇప్పుడే అచ్చింది చెల్లె! పొద్దటి సంది పనోళ్లు ఊకెనే కూసున్నరు. ఇప్పుడు బంద్ చెయ్యుమంటే నన్నే కొడ్తరు!"

టీచరమ్మ ఏదో అన్నారు. పెదవులు కదిలాయంతే. మా అమ్మాయి స్తంభం పక్కన నిలబడి నా వైపే చూస్తోంది. నా వేలు కోసం చూస్తోందని అర్థమైంది.

సాంచల మీద పనిచేసేవాళ్లకు చేతి సైగలుంటాయి, మా వీధి పిల్లలకూ అవి తెలుసు. నూలు కండె అయిపోయిందనడానికి ఒకటి, చాయ్ వచ్చిందనడానికి ఒకటి. గడ్డం కింద అరచేయి పెట్టి పైకి ఎగరేస్తే గొంతు ఎత్తమని. నేను చెయ్యి ఎగరేశాను.

"ఈ గీత చూడండి!" అంది అమ్మాయి మరాఠీలో. ఆ మాట షెడ్డు అవతలి గోడకు తగిలింది. నది పొంగిన ఏడాది నీళ్లు ఇంతెత్తు వచ్చాయని, సాంచలన్నీ మునిగాయని, పేటంతా ఈ అటకెక్కి ఒకే పొయ్యి మీద వండుకుందని చెప్పింది. నీళ్లు తగ్గాక ఇక్కడ కూలికి పనిచేసే తన ముత్తాత మేకుతో స్తంభం మీద ఆ గీత గీశాడట. పిల్లలు చేతులు చాచినా గీత అందలేదు. ఆ తర్వాతి ముక్కకు వచ్చేసరికి మరాఠీ జారిపోయి మా ఇంటి తెలుగు వచ్చేసింది.

"గా అటక మీదనే మా అమ్మమ్మ పుట్టింది! ఈడ నేసిన గుడ్డలనే సుట్టిన్రట!"

అప్పటిదాకా తలెత్తని పనివాళ్లు ఇటు తిరిగారు. ముసలాయన ఒకడు పోగు అతుకుతూనే రెండో చెయ్యి గడ్డం కింద నుంచి ఎగరేశాడు. ఇంకా గట్టిగా, బిడ్డా, అని. ఎంత దూరం వినపడుతుందో చూడటానికి టీచరమ్మ ఎప్పుడో వెనక వాకిట్లోకి వెళ్లారు. అక్కడి నుంచే చప్పట్లు కొడుతున్నారు.

తిరిగి వెళ్లేముందు ఆమె పిల్లల్ని వరసలో నిలబడమన్నారు. ఆ దడదడలో ఎవరికీ వినపడక ఒక్కరూ కదల్లేదు. రెండోసారీ అంతే. చివరికి మా అమ్మాయి భుజం తట్టి, నువ్వు పిలువు అన్నట్టు చెయ్యి ఊపారు. అది ఒక్క కేక వేసింది. నలభై మందీ వరసలోకి వచ్చారు.

బయటికి రాగానే మా ఇంటి గడపలో అమ్మ, చేతికి పిండితో నిలబడి ఉంది.

"నేను పుట్టిన ముచ్చట గోడ దాటి ఇంట్లకే ఇనవడ్డది. ఇగ నేర్పు, గుసగుసలు!"