నెట్ ఆపినా ఆగని గీత

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయనకు నేనే వెబ్‌సైట్ చేసిచ్చాను. పూర్తయిన విగ్రహం వీడియోను ఆయన అందులో ఎక్కిస్తే, చేయించుకున్నవాళ్లు చూసి లారీ పంపుతారు. వారం రోజులుగా వీడియో నూరు శాతం ఎక్కినట్టు తెర మీద కదిలే గీత చూపిస్తోంది, అవతలివాళ్లకు మాత్రం ఏమీ కనిపించడం లేదు. పని కాకుండానే అయిందంటున్నాడని వాళ్లు ఆయన్ను అనుమానించారు. నేనేమో ఆయన ఫోన్‌ను అనుమానించాను.

ఈ రోజు పొద్దున నంద్యాలలో బస్సెక్కి వెళ్లాను. ఆయన నా ఎదుటే వీడియో పెట్టి, గీత కదలగానే నెట్ ఆపేశాడు. గీత నింపాదిగా నూటికి చేరింది.

"చూస్తివా అప్పా? నెట్ లేకుండా యాడికి పోతాండాది ఇది?"

లాప్‌టాప్ తెరిచాను. సర్వర్‌కు ఎంత చేరిందో చెప్పాల్సిన పైథాన్ కోడ్ సగంలోనే ఉంది. అప్పటిదాకా ఉండనీ అని, సెకన్లను బట్టి కదిలే ఉత్తుత్తి గీత పెట్టి మరిచిపోయింది నేనే. వీడియో మరీ పెద్దదని సర్వర్ తిప్పికొడుతున్నా ఆ గీతకు తెలియదు.

తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఉలి పక్కన పెట్టాడు.

"మేము అంతా అయినంక ఆఖర్న విగ్రహానికి కండ్లు తెరుస్తాం. నువ్వు రాయి దింపకముందే తెరిచినావే!"

మధ్యాహ్నానికి గీతనూ, సర్వర్ పరిమితినీ సరిచేశాను. వీడియో చేరింది, లారీ రేపు వస్తుందట.

ఇంటికొచ్చి ఫోన్ చార్జింగ్‌కు పెట్టాను. ఎనభై శాతం అంటోంది. ఆ లెక్క రాసింది కూడా నాలాంటివాడే కదా, మీరు నమ్ముతున్నారా?