డాక్టరమ్మ చెప్పిన పథ్యం

డాక్టర్ అనూహ్య ఆస్పత్రి బోర్డు మీద ఆవిడ పేరు కింద ఆరు వరసలుంటాయి. గుంటూరులో ఎంబీబీఎస్, విశాఖపట్నంలో ఎముకల మీద ఎమ్మెస్, కోయంబత్తూరులో కీళ్ల మార్పిడి మీద ఏడాది శిక్షణ, విజయవాడలో ఐదేళ్ల అనుభవం, ఓపీ వేళలు, ఫోన్ నంబరు. ఆ ఆరు వరసలూ పూర్తిగా చదివినవాళ్లు తిరువూరులో ఇద్దరే. ఒకరు బోర్డు రాసిన పెయింటరు, రెండోవారు ఆవిడ తండ్రి దశరథరామయ్యగారు. విస్సన్నపేటలో మామిడితోట చూసుకునే ఆ పెద్దమనిషి వారానికోసారి పనేం లేకపోయినా బస్సెక్కి వచ్చి, రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర నిలబడి, బోర్డు తనివితీరా చదువుకుని, కూతురి కంటబడకుండా వెళ్లిపోయేవారు.

మిగతా ఊరు ఆ బోర్డులో చదివింది ఒక్క ముక్కే. ఆడ డాక్టరు.

"ఎముకలకి ఆడ డాక్టరేంటండీ?" అనేవాళ్లు. పురుళ్లకంటే సరే, పిల్లల జ్వరాలకంటే సరే. విరిగిన కాలు లాగి సరిచెయ్యాలంటే ఒంట్లో బలం ఉండొద్దూ? ఈ మాట అనూహ్యకి కొత్త కాదు. విశాఖలో తొమ్మిదిమంది బ్యాచ్‌లో ఆవిడొక్కతే అమ్మాయి. మొదటిరోజు ప్రొఫెసరుగారు సుత్తి చేతిలో పెట్టి, "ఎత్తగలవా?" అని అడిగారు. ఎత్తింది. మూడేళ్లూ దించలేదు.

అయినా తిరువూరు విశాఖ కాదు కదా. జులైలో ఆస్పత్రి తెరిస్తే మూడు నెలలపాటు వచ్చినవన్నీ మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పులు, మణికట్టు బెణుకులే. పెద్ద దెబ్బ తగిలినవాళ్లు ఆస్పత్రి ముందునుంచే విజయవాడ పోయేవాళ్లు. ఆ అంబులెన్సు మోత వినబడినప్పుడల్లా అనూహ్యకి ఒళ్లు మండేది. ఆపరేషన్ థియేటరు రోజూ కడిగించి, లోపలి ఎముకని తెరమీద చూపే మిషను తుడిపించి తాళం వేయించడం తప్ప నర్సు రిబ్కాకి అందులో పనుండేది కాదు. రిబ్కా ఈ ఊరి మనిషి, నోటి దురుసు మనిషి. "మేడం, మీ మిషను చూడ్డానికి టికెట్టు పెట్టినా బాగుండేది," అనేది.

అక్టోబరులో పుల్లమ్మ వచ్చింది. పక్క పల్లెలో పత్తి తీస్తూ, వానకి నానిన గట్టు మీద జారి పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. అరవై దాటిన మనిషి, అంత నొప్పిలోనూ కంట తడి లేదు. ట్రాలీ ఆటోలో మొగుడు జోజప్ప ఒళ్లో కాలు పెట్టుకుని వచ్చింది.

"విజయవాడ పొమ్మన్నారు, నేనే వద్దన్నా," అంది. "నాకు కాలు ఎప్పటికి నిలబడుద్దో ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. ఫిబ్రవరిలో గుణదల కొండెక్కాలమ్మా."

జోజప్ప వివరం చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట వాళ్ల కొడుకు జ్వరంతో చావుదాకా వెళ్లి వచ్చాడు. ఊపిరున్నన్నాళ్లూ ఏటా మేరీమాత తిరునాళ్లకి నడిచి కొండెక్కుతానని ఈవిడ మొక్కుకుంది. ఒక్క ఏడాది కూడా తప్పలేదు. ఒక ఏడు చికెన్‌గున్యాతో కూడా ఎక్కిందట.

అనూహ్య ఎక్స్‌రే చూసింది. క్యాలెండరు చూసింది. "ఎక్కిస్తాను, పుల్లమ్మగారూ," అంది.

"గారు ఏంటమ్మా, కొత్తగా! కాలు బాగుచెయ్యి, చాలు."

థియేటరు తాళం ఆరోజు మధ్యాహ్నమే తీశారు. ఎముకలోకి రాడ్డు దింపి, స్క్రూలు బిగించి, గంటన్నరలో అనూహ్య బయటికొచ్చేసరికి రిబ్కా ముఖం వెలిగిపోతోంది. తెరమీద ఎముక గీత గీసినట్టు నిలబడింది. ఆ సాయంత్రం అనూహ్య టీలో పంచదార వేసుకోవడం మర్చిపోయి, అదే తియ్యగా ఉందనుకుని తాగేసింది.

ఆ సంతోషం పధ్నాలుగు రోజులు. కుట్లు విప్పుదామని కట్టు విప్పితే గాయం అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి. అతుకుపడాల్సిన చోట కొద్దిగా నోరు తెరిచింది. చీము లేదు, పరీక్షకి పంపితే క్రిములూ లేవు. షుగరు లేదు. రక్తంలో ప్రొటీను మాత్రం బాగా పడిపోయింది. ఇంకో రెండు వారాల్లో గాయం మూసుకోకపోతే లోపలి రాడ్డుకి ప్రమాదం. రాడ్డు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది, అదీ విజయవాడలోనే. ఇక ఫిబ్రవరి మాట దేవుడెరుగు. అనూహ్య ఆవిణ్ణి ఇక ఇంటికి పంపలేదు. వెంటనే వార్డులో చేర్చుకుంది.

"ఏం తింటున్నారు?"

"అన్నీ తింటున్నా," అంది పుల్లమ్మ, గోడకేసి చూస్తూ.

అనూహ్య నిలబడే పాఠం చెప్పింది. గాయం మానాలంటే ప్రొటీను కావాలి, గుడ్లు తినాలి, పప్పు తినాలి, పథ్యాలేవీ లేవు. పుల్లమ్మ చక్కగా తలూపింది. జోజప్ప ఇంకా చక్కగా ఊపాడు. ఆస్పత్రి నుంచి పెట్టిన రెండు గుడ్లూ మర్నాడు పక్క మంచం ఆవిడ తింది.

ఈ గుట్టు విప్పింది రిబ్కా. జోజప్ప తెచ్చిన క్యారేజీ మూత తీసి చూసి, సరాసరి డాక్టరు గదిలోకి వచ్చింది.

"బీరకాయ కూర, మజ్జిగన్నం. పొద్దున బ్రెడ్డు. పదిహేను రోజుల్నుంచీ ఇదే, మేడం. గుడ్డు తింటే చీము పడుద్ది, కందిపప్పు తింటే చీము పడుద్ది, వంకాయ తింటే దురద."

"పథ్యం లేదని చెప్పాను కదా!"

"అదే మీరు చేసిన తప్పు. పథ్యం చెప్పని డాక్టరు డాక్టరేనా? ఈ అమ్మాయికి కుట్టడం వచ్చుగానీ పథ్యం రాదని అనుకున్నారు, పాపం. మిమ్మల్ని చిన్నబుచ్చడం ఎందుకని మీకు చెప్పకుండా వాళ్లే పెట్టుకున్నారు."

అనూహ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదేళ్ల చదువు బీరకాయ ముందు బోర్లాపడింది.  తర్వాత లేచి, ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తీసుకుని వార్డులోకి వెళ్లింది. పుల్లమ్మ మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖం గంభీరంగా పెట్టింది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నాయనమ్మ సరోజినీదేవి పెట్టే ముఖం అది.

"పుల్లమ్మగారూ, ఇన్నాళ్లూ మీకు పథ్యం చెప్పలేదు. నాదే పొరపాటు. ఇది కఠిన పథ్యం. తట్టుకోలేరేమోనని ఆగాను."

జోజప్ప నిటారుగా కూర్చున్నాడు.

"పొద్దున ఎనిమిదింటికి రెండు ఉడికిన గుడ్లు. ఎనిమిదిన్నర దాటితే పనిచెయ్యదు. మధ్యాహ్నం ముద్దపప్పు, కందిపప్పే. పెసరపప్పు ముట్టుకోకూడదు. నాలుగింటికి గుప్పెడు వేయించిన వేరుశనక్కాయలు, బాగా నమలాలి. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు, గోరువెచ్చగా. ఆదివారం కోడికూర, కారం తక్కువ. బీరకాయ నలభై రోజులు ఇంట్లోకి రాకూడదు. బ్రెడ్డు కంటితో చూడకూడదు."

"వంకాయో?" అన్నాడు జోజప్ప భయంభయంగా.

అనూహ్య ఒక్క క్షణం ఆలోచించింది. ఏదో ఒకటి మానమనకపోతే పథ్యమెలా అవుతుంది? "వంకాయ అసలు వద్దు," అంది.

"అదీ!" జోజప్ప తొడమీద చరుచుకున్నాడు. "డాక్టరంటే అలా చెప్పాలి!"

ఆవిడ అదంతా తెలుగులో గుండ్రంగా రాసి, కింద సంతకం పెట్టి, స్టాంపు వేసింది. తనకి చదువు చెప్పిన ప్రొఫెసరుగారు చూస్తే అదే సుత్తితో మొట్టేవారు. సంతకం కొంచెం వంకరపోయింది కూడా. ఏం చేస్తుంది, అబద్ధమాడటం అలవాటు లేదు.

మర్నాడు ఎనిమిదికి అయిదు నిమిషాలుండగానే జోజప్ప గుడ్లు ఒలిచి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. వారం తిరిగేసరికి గాయం అంచులు ఆరాయి. పన్నెండో రోజుకి మూసుకుంది. కుట్లు విప్పుతుంటే అనూహ్య ఈలవేసేదే, రిబ్కా చూస్తోందని ఆగింది. డిసెంబరుకి పుల్లమ్మ కర్రతో, సంక్రాంతి వెళ్లాక కర్ర లేకుండా నడిచింది. ఆలోగా, తిరువూరు డాక్టరమ్మ పథ్యం చాలా గట్టిగా చెబుతుందని చుట్టుపక్కల పాకిపోయింది. నెమలి అనే ఊరి నుంచి, గంపలగూడెం నుంచి విరిగిన చేతులూ కాళ్లూ రావడం మొదలుపెట్టాయి. ఆడ డాక్టరన్న మాట ఎవరికీ గుర్తే లేదు. "పథ్యం చీటీ మర్చిపోయారమ్మా," అని ఒట్టి బెణుకు కేసులు కూడా నిలదీసేవి.

ఫిబ్రవరిలో, ఓపీ కిటకిటలాడుతుండగా, గుండు చేయించుకున్న మనిషొకావిడ జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. అనూహ్య ఆనవాలు పట్టేలోపే కొబ్బరిచిప్ప, తలనీలాలిచ్చిన తల, వెడల్పాటి నవ్వు బల్లకి అడ్డంగా వంగాయి.

"ఎక్కానమ్మా! పైదాకా! ఈయన మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు, నేను కూర్చోలా."

జోజప్ప వెనకనుంచి ఒప్పుకున్నాడు.  అనూహ్య మనసు ఇక ఊరుకోలేదు. "పుల్లమ్మగారూ, మీకో మాట చెప్పాలి. ఆ పథ్యం..."

"అబద్ధం. తెలుసులే."

"తెలుసా?"

"గుడ్డు పథ్యమేంటమ్మా, లోకంలో ఎక్కడన్నా ఉందా? ఈయన నమ్మాడుగానీ, నేనేం పిచ్చిదాన్నా?"

"మరి ఎందుకు తిన్నారు?"

పుల్లమ్మ కొబ్బరిచిప్ప బల్లమీద పెట్టింది. "మొదటిసారి నిలబడి నీ చదువు చెప్పావు. రెండోసారి కుర్చీ లాక్కుని కూర్చుని, పాలు గోరువెచ్చగా తాగమని కూడా చెప్పావు. మా అమ్మ పోయాక నా తిండి గురించి అంతసేపు మాట్లాడినోళ్లు లేరమ్మా. చీము పడితే పడనీలే అనుకుని తిన్నా."

 అనూహ్య కళ్లు తుడుచుకుని, తనకి బాగా తెలిసిన మాట ఒకటి వెతుక్కుంది.

"మోకాలు వంచండి, చూద్దాం."

పుల్లమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని అక్కడే నేలమీద గొంతుక్కూర్చుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఓపీలో కట్లు కట్టించుకున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కుడిచెయ్యి విరిగినాయన ఎడం చేత్తో తొడమీద కొట్టాడు.