తెర మూలన బొట్టు

పాత సామాను ఏది కనపడినా మా ఆయనకి ప్రాణం లేచొస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో మాకొక రొయ్యల గుంట ఉండేది. దాని గట్టు మీద రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న కంప్యూటరు. ఆయన ఐటీఐలో కరెంటు పని నేర్చుకున్న మనిషి. ఆ కంప్యూటరుకి వైర్లు తగిలించి గుంటలోని ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా చేశాడు. ఏరేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. అవి రాత్రి ఎనిమిదికి మొదలై పొద్దున ఏడింటికి ఆగాలి. రాత్రిపూట అవి తిరగకపోతే రొయ్యకి ఊపిరాడదు. అంతకుముందు ఆ స్విచ్చుల కోసం మా ఇద్దరిలో ఒకరం గట్టు మీదే పడుకునేవాళ్ళం. కంప్యూటరు వచ్చాక ఇద్దరం ఇంట్లో పడుకున్నాం. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకున్నాను, అదీ మనసులోనే.

అప్పటికి వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. మూడో పంటకి గుంటలో రొయ్యపిల్ల వదిలిన రోజున ఆయన గట్టు మీద నిలబడి, "ఇది గూడా పోతే గుంట ఎవురికన్నా లీజుకిచ్చేసి యాడన్నా పనికి పోతా మే. ఇంక నా వల్ల గాదు" అన్నాడు.

పనికి పోతానన్నందుకు నాకు బాధ లేదు. లోకంలో ఎవరు పోవడం లేదు? ఆ "నా వల్ల గాదు" అన్నప్పటి గొంతే నాకు నచ్చలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. పిలిస్తే ఒక పట్టాన పలికేవాడు కాదు. నాకు భయమేసింది. షెడ్డులో ఉన్న మందు డబ్బాలన్నీ ఇంటికి మోసుకొచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

అలాంటి మనిషి ఒకరోజు హుషారుగా ఇంటికొచ్చాడు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మీటరు, ఎవరో వాడి పక్కన పెట్టేసింది దొరికిందట. దాని ప్రోగ్రాము లినక్స్ అనే సిస్టమ్‌లోనే నడుస్తుందట. ఏరేటర్ల ప్రోగ్రామేమో పాత విండోస్‌లో తప్ప కదలదు. అందుకని ఒకే కంప్యూటరులో రెండింటినీ పెడతాడట.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?" అన్నాను.

"రెండూ ఒక్కసారే బయటికి రావు మే. ఆన్ చెయ్యంగానే అడగతాది, నీకు ఏది కావాలా అని. ఏది నొక్కితే అది లేస్తాది. రెండోది పండుకోనుంటాది."

"నడిచేదాన్ని నడవనియ్యొచ్చు గదయ్యా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాను గానీ గట్టిగా అడ్డుపడలేదు. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో ఒక వెలుగు కనిపించింది. దాన్ని ఆర్పడానికి నాకు చేతులు రాలేదు.

ఒక పగలంతా పట్టింది ఆ పనికి. పాతదానికి దెబ్బ తగలకుండా డిస్కులోని జాగాని కొంచెం తగ్గించి, మిగిలినదాంట్లో కొత్తదాన్ని దించాలి. చెరిపెయ్యనా అని తెర అడిగిన ప్రతిచోటా ఆయన చెయ్యి మౌసు మీద ఆగిపోయేది. ఆ ఇంగ్లీషు ముక్కల్ని పెదాలు కదుపుతూ మళ్ళీ చదువుకునేవాడు. ఫోను నుంచి నెట్ ఇచ్చాడు. ఏ దేశమని అడిగితే ఇండియా అని నొక్కాడు. టైము అదే సరిచేసుకుంది. పొద్దు వాలేసరికి తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా వైపు బోరులోకి కొత్త మోటారు దించినా, ట్రాక్టరు రిపేరు చేయించి తెచ్చినా బొట్టు పెట్టకుండా నడపరు. ఆయన పసుపు తడిపి కంప్యూటరు డబ్బాకి పెట్టాడు, కీబోర్డుకి పెట్టాడు, దాని మీద కుంకుమ అద్దాడు. తెరకి మధ్యలో పెడితే అక్షరాలు కనపడవని కుడివైపు కింది మూలన పెట్టాడు, రూపాయి బిళ్ళంత. నేను దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత కొత్త సిస్టమ్‌లో మీటరు చూశాడు. నీళ్ళు బాగున్నాయి. దాన్ని ఆపి పాతదాన్ని లేపాడు. బటన్ నొక్కి ఒక్కో ఏరేటరునీ తిప్పి చూసి ఆపాడు. "ఎనిమిదికి అదే ఎత్తుకుంటాది, పోదాం పా" అన్నాడు. ఆ సాయంత్రం మబ్బు పట్టి, ఆకు కదలకుండా ఉక్కపోసింది. అలాంటప్పుడే నీళ్ళలో గాలి తొందరగా తగ్గేది. అయినా చక్రాలు ఉన్నాయి కదా అన్న ధీమాతో పోయి పడుకున్నాం.

తెల్లవారి గుంట దగ్గరికి వస్తుంటే గట్టు నిండా కొంగలు. ఆయన బండి ఆపకుండానే దిగబోయి పడ్డాడు, లేచి పరిగెత్తాడు. రొయ్యలు గట్టు వారకి తేలి ఉన్నాయి. కొన్ని మీసాలు ఆడిస్తున్నాయి, చాలావరకు ఆడించడం లేదు. విచిత్రమేమిటంటే చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. నురగలు కక్కుతూ హాయిగా తిరుగుతున్నాయి.

గాలి అందుతున్నా చచ్చాయంటే మళ్ళీ రోగమే అనుకున్నాం. పక్క గుంటవాళ్ళు రోగం నీళ్ళు కాలవలోకి వదిలి ఉంటారని నేను గట్టు మీద నిలబడి వాళ్ళ ఏడు తరాలనీ కడిగేశాను. పాపం, ఆ గుంటాయన అవన్నీ విని కూడా తన కూలీలనే పిలుచుకొచ్చి మాతో పాటు నీళ్ళలోకి దిగాడు. బతికున్నవాటిని వలేసి పట్టేశాం. ఇంకా ఎదగాల్సిన రొయ్య. వచ్చిన కాడికి అమ్మేశాం. ఆయన తడి లుంగీతోనే గట్టు మీద కూర్చుండిపోయాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆయన్ని లేపి ఇంటికి తీసుకుపోదామని చూస్తుంటే నాకు ఆ చప్పుడు వినపడింది.

"ఏమయ్యా, ఏడింటికి ఆగాల్సినవి ఇంకా తిరగతానే ఉండాయే?"

ఆయన చక్రాల వైపు చూశాడు, తలెత్తి ఎండని చూశాడు. లేచి షెడ్డులోకి పోయాడు. నేనూ వెనకే పోయాను. తెర ముందు వంగి, మూలనున్న బొట్టుని గోటితో గీకబోయాడు. ఎండిన పసుపు కరుచుకొని ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"దాన్ని చెరపబాక."

"టైము దాని కిందనే ఉండాది మే."

"ఉంటే ఉండనీ. చెరపబాక."

బొట్టు చెరపడం ఏ ఆడదానికి ఏ రోజున జరుగుతుందో మా ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుసు. తెరకైతేనేం, నా నుదురైతేనేం, ఆ రోజు నాకు తేడా తెలియలేదు. పట్టిన చెయ్యి వదల్లేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. ఎన్నో రోజుల తర్వాత సరిగ్గా చూశాడు.

"మందు డబ్బాలు అందుకేనా ఇంటికి తీసకపోయినావు?"

"అవును" అన్నాను.

ఆయన గోరు తీసేసి మౌసు పట్టుకున్నాడు. తెర కింద ఉండే పట్టీని పట్టుకొని తెర పై అంచుకి లాగాడు. టైము కూడా దానితో పాటు పైకి వచ్చింది. ఉదయం ఆరున్నర అని ఉంది.

తర్వాత ఆయనే కనుక్కొని చెప్పాడు. కొత్త సిస్టమ్ లోపలి గడియారాన్ని లండన్ లెక్కకి తిప్పి, మనకి చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుతుందట. పాతదేమో గడియారంలో ఏముంటే అదే మన టైమనుకుంటుందట. అర్ధరాత్రి దాటి ఒకటిన్నర అయితే గానీ దానికి ఎనిమిది కాలేదు. అప్పటికే రొయ్యకి ఊపిరి పోయింది. ఊపిరి చూసే మీటరు కోసం పెట్టిందే ఆ ఊపిరి తీసింది. ఎన్ని తిట్లు నా నోటిదాకా వచ్చాయో నాకే తెలుసు. వాటిలో ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పక్క గుంటాయన ఇంటికి మాత్రం పోయి, "తప్పయిపోయిందన్నా" అని చెప్పొచ్చాను.

గుంట లీజుకిచ్చేశాం. ఆయన ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడు. కంప్యూటరు ఇంటికి వచ్చింది. ఇప్పటికీ ఆన్ చెయ్యగానే ఏది కావాలని అడుగుతుంది. ఆయన అటు పోడు, నేనే ఏదో ఒకటి నొక్కుతాను. కుంకుమ రాలిపోయి పసుపు మరక మిగిలింది. దుమ్ము తుడిచేటప్పుడు ఆ మూల వదిలేస్తాను. టైము పైన కనిపిస్తుంది, ఇప్పుడు సరిగ్గానే చూపిస్తుంది. ఆయన రావాల్సిన వేళ దాటితే దాన్నే చూస్తూ కూర్చుంటాను. బీరువా తాళంచెవి ఇంకా నా బొడ్లోనే ఉంది.