కుర్రాడు తయారేనా?

లోవెల్ డ్రెస్కీ ఏప్రిల్‌లో మా ఊరు వచ్చేవాడు, సెప్టెంబరులో వెళ్ళిపోయేవాడు. మధ్యలో ఇనపసామాన్ల కొట్టు పైన ఒక అద్దె గదిలో ఉండేవాడు. క్రాస్‌బీ జట్టుకి మేనేజరుగా ఎన్నో ఏళ్ళు ఆ గదిలోనే ఉన్నా గోడకి ఒక్క మేకు కొట్టలేదు. "ఇక్కడ కాపురం ఉంటున్నావా, రైలు కోసం కూర్చున్నావా?" అని కొట్టాయన ఎగతాళి చేస్తే, "మీ గోడ పాడుచెయ్యడం ఎందుకని" అనేవాడు.

క్రాస్‌బీ లాంటి ఊళ్ళో బేస్‌బాల్ జట్టు ఉండేది గెలవడానికి కాదు. గెలిస్తే జనం సంతోషిస్తారు, ఇంకో బీరు కొంటారు, అంతే. అసలు పని పెద్ద లీగుకి కుర్రాళ్ళను పెంచి పంపడం. ఎవడు తయారయ్యాడు, ఎవడింకా కాలేదు, ఎవడు ఎప్పటికీ కాడు అనేది మేనేజరు చెప్పాలి. ఎప్పటికీ కాని వాణ్ణి కూర్చోబెట్టి ఆ మాట వాడి మొహం మీద చెప్పడం కూడా అతని పనే. అందుకే ఈ ఉద్యోగంలో స్నేహితులు మిగలరు. పైకి వెళ్ళినవాళ్ళు మరిచిపోతారు, ఇంటికి వెళ్ళినవాళ్ళు క్షమించరు.

డ్రెస్కీ కూడా ఒకప్పుడు పైకి వెళ్ళొచ్చినవాడే. ఈరీ అనే ఊళ్ళో గాజు ఫ్యాక్టరీ కూలీ కొడుకు. చాలా ఏళ్ళు కింది లీగుల్లో తిరిగి, ఒక సెప్టెంబరులో పిలుపు వస్తే కొత్త బూట్లు కొనుక్కుని వెళ్ళాడు. వంపు తిరిగే బంతులు వేసి అక్కడివాళ్ళు అతన్ని నాలుగు రోజుల్లో తేల్చేశారు. పెద్ద లీగు అంటే ఏమిటో అతనికి తెలిసింది ఆ ఓటమి వల్లే. భార్య లొరేన్ కొన్నేళ్ళు అద్దె గదుల వెంట తిరిగింది. తర్వాత టల్సాలో ఒక ఉదయం పెట్టె సర్దుకుంటూ, "నాతో మాట్లాడేటప్పుడు కూడా నా భుజం మీదుగా ఎవడో బ్యాటు ఊపుతున్నట్టే చూస్తావు నువ్వు" అంది. అతను వాదించలేదు. ఆమె అన్నది నిజమే అనిపించింది, ఆ నిజం చాలాకాలం బాధపెట్టింది.

ఆ చూపు ఇల్లు నిలబెట్టలేకపోయినా ఉద్యోగం నిలబెట్టింది. కొట్టిన బంతిని చూడ్డానికి టికెట్టు కొన్నవాడెవడైనా సరిపోతాడు, వాడు కొట్టకుండా పోనిచ్చిన బంతిని చూసేవాడు కావాలి అనేవాడు డ్రెస్కీ. ఆట జరుగుతున్నంతసేపూ మూడో బేస్ పక్కన నిలబడేవాడు. ఎడమచేతి వాటం కుర్రాళ్ళు బ్యాటు పట్టి నిలబడితే వాళ్ళ మొహం అక్కడినుంచి ఎదురుగా కనిపిస్తుంది. మంచి బంతిలా వచ్చి ఆఖర్లో జారి బయటికి పోయే బంతి ఒకటుంది, స్లైడర్ అంటారు. దాన్ని కొట్టబోయినవాడు మోసపోయినట్టే. దాన్ని చూసి ఎవడి భుజం కదులుతుంది, ఎవడి కన్ను మాత్రమే కదులుతుంది అనేది అతను చూసేవాడు. పై ఆఫీసులో కుర్రాళ్ళ వ్యవహారాలు చూసే హేల్ ఫోన్ చేసి, "లోవెల్, నీ నోటి మాట చాలు. నా మనుషుల్ని పంపించక్కర్లేదు" అనేవాడు. ఆ ఒక్క మాట మీద డ్రెస్కీ చలికాలమంతా ఈరీలో చెల్లెలి ఇంట్లో, ఆమె సణుగుళ్ళు వింటూ గడిపేసేవాడు.

ఆ ఏడాది క్లోవిస్ మెలాన్సాన్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళు. లూసియానా సముద్రపు ఒడ్డున రొయ్యల పడవవాళ్ళ అబ్బాయి. మూడో బేస్ దగ్గర ఆడతాడు, ఎడమచేత్తో కొడతాడు, రెండు చేతులతో తింటాడు, నిద్రలో తప్ప నోరు మూయడు. వచ్చిన రెండో రోజే వెర్నా హోటల్లో డ్రెస్కీ ఒక్కడూ కూర్చునే బల్ల దగ్గరికి పళ్ళెంతో సహా వచ్చేశాడు.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా, స్కిప్?" జట్టులో మేనేజరుని అందరూ అలాగే పిలుస్తారు.

"లేరు."

"ఇప్పుడున్నారు" అని కూర్చున్నాడు.

మేనేజరుతో ఆటగాళ్ళు కలిసి తినరు. అది రాసిన నియమం కాదు గానీ అందరికీ తెలుసు. క్లోవిస్‌కి తెలియదో, తెలిసీ లెక్కచేయలేదో. రోజూ పొద్దున్న పదింటికి వచ్చి కూర్చునేవాడు. గుడ్ల మీద ఎర్రటి కారపు సాస్ గుమ్మరించుకునేవాడు.

"ఆ సాస్ వాసనకే నా కళ్ళు మండుతున్నాయిరా నాయనా" అనేది వెర్నా కాఫీ పోస్తూ. "మీ అమ్మ నీకు పాలకి బదులు అదే పట్టిందా?"

"పాలు మా నాన్న తాగేసేవాడు ఆంటీ."

"చూడు పెద్దాయనా, నీ పుణ్యమా అని నా హోటల్లో ఇలాంటివాళ్ళు తయారయ్యారు" అని ఆమె డ్రెస్కీని దెప్పిపొడిచేది. డ్రెస్కీ మూతి బిగించుకుని పేపరు చూసేవాడు. పేపరు వెనక నవ్వేవాడు. ఆ సంగతి వెర్నాకి తెలుసు.

క్లోవిస్ వాళ్ళ నాన్న పడవ గురించి చెప్పేవాడు, తుఫానులో కొట్టుకుపోయిన మేనత్త గారి వంటిల్లు గురించి చెప్పేవాడు. మధ్యలో డ్రెస్కీని అడిగేవాడు: అక్కడ పైన మైదానం ఎలా ఉంటుంది, మొదటి రోజు చేతులు వణికాయా, లొరేన్ గారి కళ్ళు ఏ రంగు. ఆ చివరిది డ్రెస్కీని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గోధుమరంగు అని చెప్పి, చాలాసేపు కాఫీ కలిపాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని హోటలుకి నడవడం అతనికి ఇష్టమైపోయింది. అరవై దాటిన మనిషి అద్దంలో చూసుకుని ఈల వేయడం మొదలుపెడితే దాన్ని సంతోషం అనక ఇంకేమంటాం?

జూలైలో, ఆట ముందర కుర్రాళ్ళు బ్యాటింగు సాధన చేస్తుండగా, మైదానంలో జనం కూర్చునే మెట్ల కింద ఉన్న అతని చిన్న ఆఫీసులో ఫోన్ మోగింది. పై జట్టులో మూడో బేస్ మనిషి మణికట్టు విరిగింది.

"మీ మెలాన్సాన్ తయారేనా?" అన్నాడు హేల్.

కిటికీలోంచి క్లోవిస్ కనిపిస్తున్నాడు. ముందురోజు ఆటలో ఎడమచేతి పిచర్ ఒకడు వేసిన స్లైడర్‌ని వాడు పోనిచ్చిన తీరు డ్రెస్కీ కళ్ళారా చూశాడు. భుజం కదల్లేదు. కన్ను మాత్రం బంతి వెనకాలే వెళ్ళి తిరిగొచ్చింది. వాడు తయారు. సందేహమే లేదు.

"ఇంకా కాదు" అన్నాడు డ్రెస్కీ. "ఎడమచేతివాళ్ళ స్లైడర్‌కి ఇంకా మోసపోతున్నాడు. మా స్టెక్‌ని తీసుకెళ్ళండి. కాస్త పెద్దవాడు, నిలబడతాడు."

"నీ మాటే ఖాయం" అని హేల్ పెట్టేశాడు.

డ్రెస్కీ ఫోన్ పెట్టి కుర్చీలో అలాగే ఉండిపోయాడు. ఆ మాట అతను ఆలోచించి అనలేదు. హేల్ అడిగినప్పుడు కళ్ళముందు మైదానం కనిపించలేదు, వెర్నా హోటల్లో ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపించింది. జీవితంలో మొదటిసారి ఒక కుర్రాడి గురించి అబద్ధం చెప్పాడు. ఒక్క నెలే కదా, వాడికింకా ఎంతో వయసుంది కదా అని సర్ది చెప్పుకున్నాడు. తప్పు వెతకాలనుకుంటే ఏ కుర్రాడిలోనైనా దొరుకుతుంది, ఇరవైమందిలో పందొమ్మిదిమందిలో నిజంగానే ఉంటుంది. ఆ మిగిలినవాడు బయట బంతులు బాదుతున్నాడు.

స్టెక్ పైకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకోకుండా బాగా ఆడాడు.

మర్నాడు హోటల్లో క్లోవిస్ గుడ్లు సగం తిని ఆపేశాడు. "నన్నెందుకు కాదన్నారు స్కిప్? నామోషీ ఏం లేదు, తెలుసుకుందామని."

ఇక్కడ నిజం చెప్పేస్తే అయిపోయేది. డ్రెస్కీ హేల్‌కి చెప్పిందే చెప్పాడు. "ఎడమచేతివాళ్ళ స్లైడర్‌రా. జారిపోయే బంతికి ఎగబడుతున్నావు."

"అవునా? నాకు తెలియలేదే" అన్నాడు క్లోవిస్, నిజంగానే ఆశ్చర్యపడుతూ. "మీరు చూశారంటే ఉంటుంది."

వాడు నమ్మకపోయినా బాగుండేది. ఆ రోజునుంచి అందరికంటే ముందు మైదానానికి వచ్చి, ఎడమచేతి కోచ్‌ని బతిమాలి స్లైడర్లు వేయించుకునేవాడు. లేని జబ్బుకి మందు తాగడం మొదలుపెట్టాడు. ఆ జారే బంతిని అందుకోవాలని ముందుకి వాలడం నేర్చుకున్నాడు. వాలడం అలవాటయ్యేసరికి ఒంటికి దగ్గరగా వచ్చే వేగమైన బంతులకి చేతులు ముడుచుకుపోయేవి. కొట్టాల్సినవి పోయాయి, పోనివ్వాల్సినవాటికి భుజం కదలసాగింది. ఆగస్టు మధ్యకొచ్చేసరికి హేల్‌తో చెప్పిన అబద్ధం అక్షరాలా నిజమైంది.

మూడో బేస్ పక్కన నిలబడి డ్రెస్కీ ప్రతి ఆటలోనూ అది చూశాడు. 'ఆపరా, మునుపటిలాగే నిలబడు' అంటే చాలు. కానీ అలా అనాలంటే మునుపు తప్పేమీ లేదని ఒప్పుకోవాలి. నాలుక దాకా వచ్చిన మాటని మింగేసి, చేతులు చరిచి, "పర్లేదు, పర్లేదు" అని అరిచేవాడు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గేస్తుంది.

పొద్దుటిపూట కుర్రాడు హోటలుకి రావడం తగ్గించేశాడు. వచ్చినా కూర్చోకుండా రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, "ప్రాక్టీసుంది స్కిప్" అని వెళ్ళిపోయేవాడు. పడవలూ లేవు, మేనత్తా లేదు. ఏ కుర్చీ కోసం అబద్ధం చెప్పాడో ఆ కుర్చీ ఎలాగూ ఖాళీ అయింది.

"కుర్రాణ్ణి ఏం చేశావు పెద్దాయనా?" అంది వెర్నా ఒకరోజు. "దీపం ఆర్పేసినట్టయ్యాడు."

"ఆట అంతే. ఒక్కోసారి అలా ఉంటుంది."

"నేను ఆట గురించి అడగలేదు" అని ఆమె కాఫీ పోయకుండానే వెళ్ళిపోయింది.

ఆగస్టు చివరి వారం హేల్ మళ్ళీ ఫోన్ చేశాడు. సెప్టెంబరులో పై జట్టు కొంతమంది కుర్రాళ్ళని అదనంగా తీసుకుంటుంది. "మెలాన్సాన్ అంకెలు చూశాను. నువ్వన్నట్టే అయింది. నీ కన్ను కన్నే లోవెల్. వాణ్ణి ఈ ఏడాదికి వదిలేద్దాం, ఏమంటావు?"

మెచ్చుకోలు గుచ్చుకుంది. ఇప్పుడు 'అవును' అంటే అబద్ధం కూడా కాదు. కుర్రాడు నిజంగానే తయారుగా లేడు. వృత్తి ధర్మం ప్రకారం చెప్పాల్సింది అదే.

"హేల్ గారూ" అన్నాడు డ్రెస్కీ. "జూలైలో మీరడిగినప్పుడు వాడు తయారు. పూర్తిగా తయారు. నేను కాదన్నాను. నా మాట నమ్మి వాడు లేని తప్పు దిద్దుకోబోయి పాడయ్యాడు."

"ఏమిటంటున్నావు? పొరపాటుపడ్డావా?"

"లేదు. తెలిసే చెప్పాను."

"ఎందుకు?"

డ్రెస్కీ కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ చెప్పాడు. "వాడు వెళ్ళిపోతే పొద్దున్న తినేటప్పుడు మాట్లాడేవాళ్ళు ఉండరని."

హేల్ నవ్వాడు. అవతల్నుంచి నవ్వు రాకపోయేసరికి ఆపేశాడు. తర్వాత గొంతు మార్చి, "కుర్రాణ్ణి పంపించు. ఇక్కడి కోచ్‌లు చూసుకుంటారు. నీ సంగతి ఆట రోజులు అయిపోయాక మాట్లాడదాం" అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో డ్రెస్కీకి తెలుసు. ఎందరికో తనే ఆ గొంతుతో చెప్పాడు.

క్లోవిస్‌ని ఆఫీసులోకి పిలిచాడు. వాడు చెమటతో, చేతికి బొబ్బలతో వచ్చాడు. బ్యాటు వదల్లేదు.

"నిన్ను పైకి పిలిచారు. రేపే ప్రయాణం."

వాడి మొహం ఒక్కసారి విప్పారింది. మళ్ళీ ముడుచుకుంది. "ఇలా ఆడుతుంటే పిలవడమేంటి? జాలా?"

"కూర్చో" అని, హేల్‌తో చెప్పిందంతా చెప్పాడు. కుర్చీ గురించి కూడా. చెబుతున్నంతసేపూ కుర్రాడి కళ్ళలోకి చూడలేకపోయాడు, వాడి చేతుల్ని చూశాడు. బ్యాటు మీద వేళ్ళు బిగుసుకున్నాయి, తర్వాత వదులయ్యాయి.

"అంటే ఆ స్లైడర్ తప్పు నాలో లేదా?"

"లేదు."

"రోజూ ఎండలో నేను చేసిందంతా?"

"నా వల్లే."

క్లోవిస్ తిట్టలేదు. తిట్టి ఉంటే డ్రెస్కీ భరించేవాడు. వాడు నెమ్మదిగా, "ఒంటరిగా ఉందని ఒక్క మాట నాతో అంటే, అక్కణ్ణుంచి రోజూ ఫోన్ చేసేవాణ్ణి కదా స్కిప్" అన్నాడు.

అలాంటి దారి ఒకటుందని డ్రెస్కీకి తోచనే లేదు. కుర్రాడి కోసం చేయగలిగింది ఇంకొక్కటి మిగిలింది. లేచి నిలబడి, "ఒరేయ్, విను. ఇవాళ్టినుంచి ముందుకి వాలొద్దు. జూన్‌లో నిలబడ్డట్టే నిలబడు, బరువు వెనక కాలి మీద. ఇదొక్కటి చెయ్యి, వారంలో మళ్ళీ నువ్వు నువ్వవుతావు" అన్నాడు. అది నిజం. బ్యాటింగు గురించి అతను జీవితం మొత్తంలో అంత నిజమైన మాట ఇంకొకటి చెప్పలేదు.

క్లోవిస్ తలుపు దగ్గర ఆగి, అతన్ని పరిశీలనగా చూశాడు. కోపంగా కాదు. తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"ఇది మాత్రం నిజమని నేనెలా నమ్మను, స్కిప్?"

డ్రెస్కీ తనే బరువు వెనక కాలి మీద వేసి నిలబడి చూపించాడు. కుర్రాడు చూసి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయాడు.