లాభం, రెండు, మూడు

చక్రాల కుర్చీని నా అంత చవగ్గా బేరమాడి తెచ్చినవాడు కొడవలూరు నుంచి నెల్లూరు దాకా లేడు. అమ్మినవాడు చివరికి దణ్ణం పెట్టి మరీ ఇచ్చాడు. నా బేరాలన్నిటిలోకీ అధ్వాన్నమైనది అదే. ఇప్పుడు మా కొట్లో దానిమీద బియ్యం బస్తాలు తోస్తున్నాం. ఎడమ చక్రం కిర్రుమన్నప్పుడల్లా పెంచలమ్మత్త గుర్తొస్తుంది.

ఆమె నాకు చుట్టం కాదు. మా నాన్న చిల్లరకొట్టు పక్కన ఆమెది బియ్యం కొట్టు. బేరం నేను నేర్చుకున్నది అక్కడే. మానికతో కొలుస్తూ మొదటిదాన్ని ఒకటి అనేది కాదు, ‘లాభం’ అనేది. పాతకాలపు కొలతగాళ్ల పద్ధతి అది. లాభం, రెండు, మూడు అని సాగి, ఆరు తరవాత ఏడు రాదు, ‘ఆరున్నొకటి’ వస్తుంది. చిన్నప్పుడు నేను నోరు జారితే నెత్తిన మొట్టింది.

“ఏడు అని ఏడవబాక అబ్బయా, కొట్లో గింజ నిలవదు.”

అరవై దాటాక ఆమె కుడిచెయ్యి వణకసాగింది. నెల్లూరు డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పి, మాత్రలు రాసి, రోజూ నడవమన్నాడు. మాత్రల మాట విన్నాం, నడక మాట వదిలేశాం. ఒకనాడు ఆమె కొట్టు గడప దగ్గర తూలి పడింది. ఆ వారమే నేను కుర్చీ తెచ్చాను. ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి నేనే తోసేవాణ్ణి. బజారంతా మెచ్చుకుంది, నాకూ బాగానే ఉండేది. ఆమె మాత్రం నెలనెలా బిగుసుకుపోయింది. చివరికి ఆమె కోడలూ నేనూ చెరోపక్క పట్టుకుంటే తప్ప లేవలేకపోయింది.

అప్పుడు డాక్టరు మమ్మల్ని ఎస్తేరు గారి దగ్గరికి పంపాడు. ఆస్పత్రిలో వ్యాయామం చేయించేది ఆవిడే. కుర్చీని చూసి, “ఎవరు కొన్నారిది?” అన్నారు. నేను ఉత్సాహంగా ధర చెప్పబోయాను.

“ధర కాదండీ నేనడిగింది. ఈ జబ్బులో కూర్చునేకొద్దీ కాళ్లు నడక మరిచిపోతాయి. పడతారని భయముంటే పక్కన నడవండి.”

“నడిస్తే జబ్బు పోతుందా మేడమ్?”

“పోదు. కొంతకాలం ఆవిడ కాళ్లు ఆవిడ మాట వింటాయి. గడప దగ్గర ఆగిపోతే లెక్కపెట్టండి, ఆ ఊపుకి కాలు లేస్తుంది.”

మర్నాడు పొద్దున కోడలూ నేనూ ఆమెను కొట్టు ముందు కుర్చీలోంచి లేపి నిలబెట్టాం. గడప ముందర పాదాలు నేలకు అతుక్కుపోయాయి. “ఒకటి” అన్నాను. కదల్లేదు. ఇంకా గట్టిగా “ఒకటి” అన్నాను. పెంచలమ్మత్త తల తిప్పకుండానే తిట్టింది.

“ఒకటేందిరా దరిద్రుడా! మొదటి కొలతని ఏమంటారు?”

“లాభం” అన్నాను.

కుడికాలు లేచి గడప దాటింది.

ఆ రోజు నుంచి వీధి చివరి పాలకేంద్రం వైపు మా నడక. చేతులు ఊపాలి, అడుగు పెద్దది వెయ్యాలి, నిన్నటికంటే కాస్త ఎక్కువ నడవాలి. “చూసినోళ్లు పోలీసు పరేడు అనుకుంటారు” అంటూనే చేతులు ఊపేది.

“ముప్పై అడుగులత్తా.”

“పది.”

“పదికి పాలకేంద్రం రాదు.”

“దాన్నే ఇటు రమ్మను.”

ఇరవై దగ్గర బేరం తెగేది. గెలిచానని నేను పొంగిపోతుంటే, “నలభైకీ వచ్చేదాన్నే, అడగడం రాలా నీకు” అనేది. మర్నాడు ఎనభై దగ్గర మొదలుపెట్టాను. మాత్ర ఆలస్యమైన రోజు నాలుగు అడుగులకే ఆగిపోయేది. ఆ రోజు బేరం లేదు, నాలుగుతోనే సరి.

అలా మూడేళ్లు నడిచింది. పోయిన చలికాలం అత్త జ్వరంతో మంచం పట్టి, మళ్లీ లేవలేదు. ఇప్పటికీ పొద్దున మంచం దిగుతూ మొదటి అడుగుకు లాభం అంటాను. మా ఆవిడ నవ్వుతుంది.

భయపడి కుర్చీ కొన్నానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. ఆమె అడుగులో అడుగు వేస్తూ నాతో నడిచొస్తే నేను మా కొట్టు తెరిచేసరికి అరగంట ఆలస్యమయ్యేది, తోస్తే ఐదు నిమిషాల పని.

ఇక లెక్క. నడిచిన మూడేళ్లూ ఆమెవి, నేను పక్కన ఉన్నానంతే. కూర్చోబెట్టిన నెలలు నావి. ఆమె ఉంటే ఆ నెలల్ని ఆరున్నొకటి అనేది.

ఏడు.