పధ్నాలుగు మెషీన్లు చాలన్న మేంగ్ మేస్త్రీ

మేంగ్ జొంగ్‌నిమ్ ఎడమ చెయ్యి చూస్తే ఆమె పనేమిటో ఇట్టే తెలిసిపోతుంది. పిడికిలి మీద చర్మం నునుపుదేలి మెరుస్తుంటుంది. రోజుకు కొన్ని వందల మేజోళ్ళను ఆ పిడికిలికి తొడిగి, సాగదీసి, వెలుతురుకు పట్టి చూడడంలోనే ఆమెకు ముప్పై ఒక్కేళ్ళు గడిచాయి. సియోల్ ఉత్తరపు కొసన దోబొంగ్ పేటలో ప్యో గారి మేజోళ్ళ కార్ఖానాకు ఆమె మేస్త్రీ. నేలమాళిగలో నలభై ఎనిమిది అల్లిక మెషీన్లు, వాటి మధ్య నడిచేందుకు ఆమెతో కలిపి అయిదుగురు ఆడవాళ్ళు.

నడకే అక్కడ అసలు పని. ఒక్కో మెషీన్లో నూట యాభైకి పైగా సూదులుంటాయి. వాటిలో ఒక్కదాని కొక్కెం విరిగినా మేజోడు పొడవునా గీత పడిపోతుంది. ఆ సంగతి మెషీనుకు తెలియదు, అది తన మానాన అల్లుకుపోతూనే ఉంటుంది. మనిషి చుట్టు తిరిగి వచ్చి చూసేసరికి డజను మేజోళ్ళు పాడవుతాయి. అందుకే అయిదుగురూ కలిసి భోజనానికి కూర్చున్న రోజంటూ ఉండేది కాదు. ఇద్దరు తింటుంటే ముగ్గురు తిరగాల్సిందే.

చిన్న కార్ఖానాలు కంప్యూటరు సాయంతో నడుస్తామంటే సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుందని పథకం వచ్చినప్పుడు ప్యో మొదటి వరసలోనే దరఖాస్తు పెట్టాడు. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి తలుపు పక్కన ఒక తెర బిగించి, ఎన్ని జతలు అల్లారో, ఎన్ని పాడయ్యాయో గంటగంటకూ నొక్కమని చెప్పి వెళ్ళారు. నూనె చేతులతో నొక్కితే ఆ తెర పలికేది కాదు. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఇంకో మెషీను పిలిచేది. నెల తిరక్కుండానే సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఎవరో ఒకరు నోటికొచ్చిన అంకెలు కొట్టేయడం అలవాటైంది. ఆ తర్వాత అదీ మానేశారు. తెరకు కోటు తగిలించడం మొదలుపెట్టారు.

అలాంటిది మూడేళ్ళ కిందట, శీతాకాలపు ఆర్డర్లు మొదలవబోయే రోజుల్లో, పథకం రెండో విడత వచ్చిందనీ ఈసారి నలభై ఎనిమిదింటికీ కళ్ళు పెట్టిస్తాననీ, గోడంత తెర తెస్తాననీ ప్యో అన్నాడు. సూదుల్ని కనిపెట్టుకుని ఉండే చిన్న పరికరాలను ఆయన కళ్ళంటున్నాడు. సూది విరగ్గానే మెషీను ఆగి, పైన ఎర్రదీపం వెలుగుతుందట. కాఫీ కప్పులు పట్టుకుని మెట్ల దగ్గర చేరాక, ఆ ఆడవాళ్ళలో ఒకతె బున్‌హి అసలు మాట బయటపెట్టింది. ఆమె జొంగ్‌నిమ్ కంటే ఎనిమిదేళ్ళు చిన్న, ఇద్దరు కూతుళ్ళను కాలేజీలో చదివిస్తోంది.

"అక్కా, దీపమే అన్నీ చూసుకుంటే ఇక మనల్నెందుకు ఉంచుకుంటాడు?"

జొంగ్‌నిమ్‌కు ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది. తిన్నగా వెళ్ళి ప్యోనే అడిగింది. ఎవర్నీ తీసేసే ఉద్దేశం లేదన్నాడాయన. అయితే ఆ ముక్క దరఖాస్తులో రాయమంది. మేజోడు బొటనవేలి దగ్గర మూతి కుట్టడానికి సరుకంతా బయటికి పంపుతున్నాం కదా, నడక తగ్గినవాళ్ళకు ఆ కుట్టుపని ఇవ్వొచ్చు, అదీ రాయమంది. ప్యో కాసేపు గడ్డం గోక్కుని రాశాడు.

తర్వాత ఆమె చేసిన పని ఎవరూ చెప్పింది కాదు. జేబులో సుద్దముక్క వేసుకుని, సూది విరిగినప్పుడల్లా ఆ మెషీను ఒంటిమీద ఒక గీత గీయడం మొదలుపెట్టింది. మిగిలిన నలుగురికీ తలా ఒక సుద్దముక్క ఇచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి సంగతి కళ్ళకు కట్టింది. ముతక నూలు అల్లే పాత మెషీన్లు పధ్నాలుగు తెల్లగా నిండిపోయాయి. మిగతావాటి మీద ఒకటీ అరా గీతలే ఉన్నాయి.

పథకం తరఫున తనిఖీకి ముగ్గురు వస్తున్నారని తెలిసిన రోజు ప్యో హడావిడి పడిపోయాడు. మెషీన్లన్నీ తుడిపించమన్నాడు, తెర మీది కోట్లు తీయించమన్నాడు. కోట్లు తీయించింది గానీ గీతల జోలికి ఎవర్నీ పోనివ్వలేదు జొంగ్‌నిమ్.

వచ్చినవాళ్ళలో పెద్దాయన, తల పూర్తిగా నెరిసిన ప్రొఫెసరు. ఆయన మెషీన్ల వంక చూడకుండా నేరుగా ఆ తెర దగ్గరికి పోయి నొక్కాడు. అది వెలగలేదు. నిన్నటిదాకా బాగానే పనిచేసిందని ప్యో ఏదో మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ళ నుంచి వాడట్లేదండి," అంది జొంగ్‌నిమ్. "వాడిన కొన్నాళ్ళూ మేం కొట్టినవి కూడా ఉత్త అంకెలే."

ప్యో కళ్ళు మూసుకున్నాడు. ప్రొఫెసరు మాత్రం ఆమె వైపు తిరిగాడు.

"ఒకసారి ఇచ్చింది ఇలా మూలపడితే రెండోసారి ఎందుకివ్వాలమ్మా?"

"అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదండి. ఈసారి మేమే చూసి పెట్టుకున్నాం. రండి."

ఆమె ఆయన్ని మెషీన్ల మధ్యకు తీసుకెళ్ళి గీతలు చూపించింది. ఏ నూలుకు ఏ సూది ముందు పోతుందో, ఎండాకాలంలో విరగడం ఎందుకు తగ్గుతుందో, రోజంతా నడిచేది ఏ మెషీన్లకోసమో చెప్పింది. ఆ మోతలో వినబడడానికి ప్రొఫెసరు ఆమె భుజం దాకా వంగాడు. చివరికి ఆమె తేల్చి చెప్పింది: "నలభై ఎనిమిదింటికీ వద్దండి. ఈ పధ్నాలుగింటికీ పెట్టండి చాలు. గోడమీద తెర అసలే వద్దు. దాన్ని చూస్తూ నిలబడే తీరిక ఇక్కడెవరికీ లేదు."

వాళ్ళు వెళ్ళిపోయాక, అడిగినదానికంటే తక్కువ చాలని చెప్పేవాళ్ళను తానెక్కడా చూడలేదని ప్యో బున్‌హి దగ్గర వాపోయాడట. నెలన్నరకు ఉత్తరం వచ్చింది. పధ్నాలుగు మెషీన్లకు మంజూరైంది. ఆ ఉత్తరం పట్టుకుని ప్యో మెట్లు దిగి వచ్చి, ఆమె చేతికిచ్చి చదవమన్నాడు.

పరికరాలు బిగించడానికి వచ్చిన ఇంజినీరు హేవన్ ముప్పై ఏళ్ళ పిల్ల, మాట నిదానం. మొదటి వారం అంతా గందరగోళమే. సూదులన్నీ బాగానే ఉన్నా దీపాలు వెలిగేవి, మెషీన్లు ఆగేవి. నడక తగ్గడం మాట అటుంచి రెట్టింపైంది. బున్‌హి ఆ దీపాలకు కూడా కోట్లు తగిలిద్దామంది. జొంగ్‌నిమ్ మాత్రం హేవన్ చేతిలోని ల్యాప్‌టాప్ మూయించి, రోజంతా తన వెంట తిప్పుకుంది. మేజోడు పిడికిలికి తొడిగి చూడడం నేర్పింది. మధ్యాహ్నానికి హేవన్ జుట్టంతా నూలు నుసి పట్టి తెల్లబడింది. అద్దంలో చూసుకుని ఆ పిల్ల ఆగిపోయింది. తన తలమీద పడ్డ నుసే ఆ చిన్న కళ్ళలోనూ పడుతోందని అర్థమైంది. మర్నాడే ఒక్కో కంటికీ గాలి ఊదే సన్నగొట్టం అమర్చింది. నూలు ముతకను బట్టి, దీపం ఎప్పుడు వెలగాలో ఒక్కో మెషీనుకు ఒక్కో లెక్క పెట్టింది. అబద్ధపు దీపాలు ఆగిపోయాయి.

ఆగిపోయాయనే అనుకున్నారు. పది రోజుల తర్వాత ముప్పై ఒకటో మెషీను దీపం వెలిగింది. జొంగ్‌నిమ్ మేజోడు లాగి తొడిగి చూసింది. గీత లేదు. తిప్పి చూసింది, లేదు. హేవన్‌ను పిలిచి నాలుగు చీవాట్లు పెట్టబోయి, ఎందుకైనా మంచిదని భూతద్దం తీసుకుని సూదులు వరసగా చూసింది. ఒక కొక్కెం వెంట్రుకవాసి వంగి ఉంది. ఇంకా విరగలేదు, గంటలోనో పూటలోనో విరుగుతుంది. అన్నేళ్ళ పనిలో విరగబోయే సూదిని ఆమె ముందుగా పట్టుకున్నది లేదు.

"ఇది నాకు దొరికేది కాదు, అమ్మాయ్," అంది అందరికీ వినబడేలా. "నీ దీపమే గెలిచింది."

హేవన్ ముఖం విప్పారింది. జొంగ్‌నిమ్‌కు లోపల కాస్త చివుక్కుమన్న మాట నిజమే. కానీ సూది మార్చి మెషీను తిప్పేసరికి ఆ చివుక్కు పోయి, కొత్త పనిముట్టు చేతికి అలవడినప్పటి హుషారు వచ్చింది. ఆ వారమే బున్‌హి మూతి కుట్టే మెషీను ముందు కూర్చుంది. ఇన్నాళ్ళకు కూర్చుని చేసే పని దొరికిందని మోకాళ్ళు తడుముకుంటూ నవ్వింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

ఇప్పుడు, కళ్ళు పెట్టని మెషీన్లలో సూదులు విరగడం అరుదు గనుక, మధ్యాహ్నం పన్నెండున్నరకు అయిదుగురూ ఒకే బల్ల చుట్టూ చేరతారు. నడుమ ఊరబెట్టిన క్యాబేజీతో చేసే కిమ్చీ పులుసు గిన్నె ఉడుకుతుంటుంది. దీపం వెలిగితే దగ్గరున్నవాళ్ళు లేచి వెళ్ళి వస్తారు. మొన్న శీతాకాలంలో అలా తింటుండగా ఎదురు సందులోని కార్ఖానా మేస్త్రీ మెట్లు దిగి వచ్చింది. తమ యజమాని కూడా దరఖాస్తు పెడుతున్నాడనీ, పనివాళ్ళు హడలిపోతున్నారనీ, ఒకసారి వచ్చి చెప్పమనీ అడిగింది. జొంగ్‌నిమ్ ఆమెకు పులుసు వడ్డించి, మీకు ఎన్ని మెషీన్లున్నాయి, ఏ నూలు అల్లుతారని అడిగింది. తిని, గిన్నెలు తీసేశాక కోటు తొడుక్కుని ఆమె వెంట మెట్లెక్కింది.